తూనికయు కొలతయు: చెత్తరాశి గణితము

గౌతమికిని వృద్ధగౌతమికిని నడుమ, సముద్రమునకు చేరువగా, దీవివలె నున్న ఐ.పోలవరము సీమలో నేలకంటె విలువైన వస్తువు మరియొకటి లేదు. గోదావరి వేలయేండ్లుగా మోసికొనివచ్చి పోసిన ఒండ్రుమట్టిపై, ఎత్తుగా నున్న చోటెల్ల కొబ్బరితోటయో, తోటలో నొక యిల్లో, పల్లముగా నున్న చోటెల్ల వరిచేనో, ఈ నడుమ త్రవ్విన రొయ్యల చెరువో అయి యుండుటచేత, ఇది యెవరికిని అక్కరలేని చోటని చూపదగిన సెంటు భూమియైనను అచట దొరకుట కష్టము. గొయ్యి త్రవ్వి పూడ్చుదమన్నచో కొలది అడుగులకే నీరు పైకి వచ్చును. మురమళ్ళ, కేశనకుర్రు, ఎదుర్లంక, గుత్తెనదీవి మొదలైన యూళ్ళలో ప్రతిదినము ఇండ్లనుండియు అంగళ్ళనుండియు సంతలనుండియు వెలువడు చెత్తను ఎక్కడ పెట్టవలెనను ప్రశ్నకు తేలికైన సమాధానము లేకపోవుటకు కారణ మిదియే. కాలువగట్టు, ఏటిగట్టు, రోడ్డువార అనునవి సమాధానములు కావు. ప్రశ్నను మరియొకరి వాకిట దింపి వచ్చుటలు మాత్రమే.

ఎక్కడ ననుటకు ముందుగా అడుగవలసిన ప్రశ్న, ఎంత యనునది. దీనికి గ్రామములలో సాధారణముగా వచ్చు జవాబు, రోజుకు రెండు ట్రాక్టర్లనియో, ఆరు రిక్షాలనియో యుండును. ఆ జవాబు తప్పు గాదు గాని, దానిలో మూడు వేర్వేరు సంఖ్యలు కలగాపులగముగా నున్నవి. ఆ ట్రాక్టరు మోసినది ఎన్ని కిలోలు, దింపిన పిమ్మట అది నేలమీద ఆక్రమించునది ఎన్ని ఘనపుటడుగులు, రెండు వానకాలములు గడచిన తరువాత అందు మిగులునది ఎంత యను మూడింటిని విడదీసి తెలిసికొన్ననే గాని, పంచాయతీకి ఎన్ని బండ్లు కావలెనో, ఎందరు మనుషులు కావలెనో, ఎంత చోటు ఎన్నాళ్ళు వచ్చునో చెప్పుట సాధ్యము కాదు.

కుంచముతో కొలిచిన గింజలు

మన పూర్వులు ధాన్యమును తూచుటకంటె కొలుచుటకే యలవాటుపడినవారు. రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక, రెండు మానికలు అడ్డ, రెండు అడ్డలు కుంచము. ఇవన్నియు చోటును కొలుచునవియే గాని బరువును కొలుచునవి కావు. 1956లో తూనికల కొలతల చట్టము వచ్చి, 1958 అక్టోబరునుండి మెట్రిక్ పద్ధతి క్రమక్రమముగా అమలు జరిగిన తరువాతనే పల్లెల వ్యవహారము కిలోలకు స్థిరపడినది. అయినను కుంచముతో కొలిచిన కమతగానికి ఒక మర్మము బాగుగా తెలియును: పైనుండి మెల్లగా పోసి తలగొట్టిన కుంచములో పట్టు గింజలకంటె, పోయుచు పోయుచు నేలకు తట్టి అదిమిన కుంచములో మరికొన్ని గింజలు పట్టును. గింజ మారలేదు, కుంచము మారలేదు. గింజకు గింజకు నడుమ నుండిన గాలి మాత్రమే తగ్గినది.

చెత్తవిషయమున ఈ గాలియే ప్రధాన పాత్ర వహించును. ఒక ఘనమీటరు చోటులో ఎన్ని కిలోల పదార్థము పట్టునను సంఖ్యను స్థూలసాంద్రత యందుము. రొయ్యలను మంచులో పెట్టి పంపు తెల్లని థర్మాకోలు పెట్టె సాంద్రత ఘనమీటరుకు 15, 20 కిలోలను మించదు. పెండ్లిపందిటిలో నుండి తెచ్చిన తడి విస్తరాకులు, అన్నము, కూరల తొక్కులు కలిసిన చెత్త అదే చోటులో 400, 500 కిలోలు తూగును. కూల్చిన గోడల రద్దు వేయి కిలోలను దాటును. ఒకే ట్రాక్టరు, ఒకే నిండుదనము. కాని లోపలి సరకునుబట్టి బరువు పదులరెట్లు మారుచున్నది. ధాన్యమునకు కొలతనుబట్టి తూనికను ఊహించిన వానికి నూటికి పదిపాళ్ళ పొరపాటు వచ్చిన వచ్చునేమో గాని, చెత్తకు అట్లూహించినవాని లెక్క పూర్తిగా తలక్రిందు కాగలదు.

నాగపూరులోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగు పరిశోధన సంస్థ, నీరి యని ప్రసిద్ధమైనది, మన నగరముల చెత్తను పరిశీలించి దాని సాంద్రత ఘనమీటరుకు సుమారు 330 నుండి 560 కిలోల మధ్య నుండునని తేల్చినది. అమెరికా గృహముల చెత్త అదిమిపెట్టకముందు దాదాపు 150 కిలోలే యుండును. వారి డబ్బాలో కాగితము, అట్టపెట్టె, ప్లాస్టిక్కు, వీనితోపాటు చాల గాలియు నుండును. మన డబ్బాలో తడి, మట్టి, తొక్క యుండును. కావున అక్కడి పుస్తకములోని గుణకమును తెచ్చి ఇక్కడి రాశికి తగిలించుట చెల్లదు. అంతేకాదు, నాగపూరు లెక్కయైనను కోనసీమకు నేరుగా సరిపడునని చెప్పరాదు. ఇచటి చెత్తలో కొబ్బరి డొక్కలు, బొండాల బుర్రలు, ఎండుమట్టలు ఇతర జిల్లాలలో కానరాని పాలుగా నుండును. డొక్క బోలుగా నుండి చోటు తినును, బరువు చూపదు. ఏ యూరి సాంద్రతను ఆ యూరే కొలుచుకొనవలెను.

కాటామీది లెక్క

బరువు తెలిసికొనుటకు మార్గములలో నిస్సందేహమైనది కాటా. నిండుబండిని ఎక్కించి స్థూలభారమును, దింపివచ్చిన ఖాళీబండిని ఎక్కించి బండిభారమును చూచి, మొదటిదానినుండి రెండవదానిని తీసివేసినచో చెత్తబరువు తెలియును. 1741లో బర్మింగుహాములో జాన్ వయట్ అనునతడు తులాదండములను ఒకదానికొకటి సంధించి, బండిని బండిగానే తూచు యంత్రమును నిర్మించెను. పెద్దబరువును చిన్న గుండుతో సరితూచుట దాని సూత్రము. నేటి వేబ్రిడ్జిలో ఆ దండములు లేవు. ఉక్కుపలకక్రింద నుండు ఉక్కుదిమ్మెలు బరువునకు కంటికి కానరానంతగా కుంగును. ఆ దిమ్మెలకు అంటించిన సన్నని లోహపు తీగ వానితోపాటు సాగి, దాని విద్యున్నిరోధము వేయింట ఒకటి రెండు పాళ్ళు మారును. 1938లో అమెరికాలో ఎడ్వర్డ్ సిమన్స్, ఆర్థర్ రూజ్ అను నిరువురు ఒకరితో నొకరికి సంబంధము లేకయే కనిపెట్టిన ఈ తీగపట్టీయే నేడు బియ్యపుమిల్లు ముంగిటి కాటాలో ఎఱ్ఱని అంకెలను వెలిగించుచున్నది.

అయితే ఎంత గొప్ప కాటాయైనను అడిగిన ప్రశ్నకే జవాబు చెప్పును. నలువది టన్నుల లారీకై కట్టిన వేబ్రిడ్జి సాధారణముగా 10 కిలోల మెట్లలోనే అంకె చూపును. దానిమీద 80 కిలోల చెత్తరిక్షాను తూచినచో నికరము తెలియుటకు బదులు, సందేహము ఇంచుమించు నూటికి పదిపాళ్ళు తెలియును. చిన్న గ్రామమునకు పెద్ద వేబ్రిడ్జి కట్టవలెనని కోరుట అనవసరపు వ్యయము. రిక్షాలకును డబ్బాలకును 300 కిలోల పలకకాటా చాలును, ట్రాక్టరును ఊరిమిల్లు కాటాకో, దారిలోని వేబ్రిడ్జికో నెలకు కొన్నిసార్లు తీసికొనిపోయిన చాలును. కాటా ఎవరిదైనను తూనికలు కొలతల శాఖవారి ముద్ర కాలము తప్పక వేయించినదై యుండవలెను.

ఇక బండిభారము. ఒకసారి తూచి పుస్తకములో వ్రాసికొన్న ఖాళీట్రాక్టరు బరువునే సంవత్సరమంతయు వాడుట మన యలవాటు. చక్రములకు అంటిన రేగడి, తొట్టె అడుగున పేరుకొన్న మన్ను, నూనె, డ్రైవరు పక్కన కూర్చున్న మనిషి, ఇవన్నియు చెత్తలెక్కలో చేరిపోవును. వీనికంటెను మాయ చేయునది వాన. చదరపు మీటరుపై ఒక మిల్లీమీటరు వాన పడినచో అది సరిగా ఒక కిలో నీరు. పది యడుగుల పొడవు, ఆరడుగుల వెడల్పు గల ట్రాక్టరు తొట్టె వైశాల్యము ఐదున్నర చదరపు మీటర్లు. 20 మిల్లీమీటర్ల జల్లు పడినచో అందు నూరు కిలోలకు మించి నీరు చేరును. టార్పాలిను కప్పని బండి ఆ నీటినిగూడ చెత్తయని వ్రాయించుకొనును.

లోపలి తడి కథ ఇంకను విచిత్రమైనది. వేయి కిలోల చెత్తలో నూటికి నలువది పాళ్ళు తేమ యున్నదనుకొందము. అనగా పొడి పదార్థము 600 కిలోలు. శ్రావణపు వానలలో నాని తేమ నూటికి ఏబదియైదు పాళ్ళకు పెరిగినచో, ఆ 600 కిలోల పొడి పదార్థమే ఇప్పుడు మొత్తములో నలువదియైదు పాళ్ళగును; మొత్తము బరువు 1,333 కిలోలగును. ఊరు ఒక్క తొక్కయైనను అధికముగా పారవేయలేదు. అయినను లెక్కపుస్తకములో చెత్త మూడవవంతు పెరిగినట్లు కనబడును. కొబ్బరిపీచు పొట్టు తన బరువునకు ఐదారు రెట్ల నీటిని పట్టుకొనగలది కావున కోనసీమలో ఈ మోసము మరింత ఎక్కువ. వానకాలపు బరువును వేసవి బరువుతో పోల్చువాడు తేమను గుర్తుంచుకొనకున్న, ఊరివారిపై లేనిపోని నింద మోపినవాడగును.

కాటా దొరకని నాడు

ప్రతి బండిని తూచుట సాధ్యము కానిచోట ఉపాయ మొకటి గలదు. నూనె వచ్చు 200 లీటర్ల ఇనుపడ్రమ్ము తెచ్చి, ముందుగా ఖాళీగా తూచవలెను, 18 కిలోలున్నదనుకొందము. దింపిన చెత్తలో ఒకచోటినుండి గాక, పైనుండి, నడుమనుండి, అడుగునుండి పారతో తీసి డ్రమ్ము నింపవలెను. చేతితో అదుమరాదు. నిండిన డ్రమ్మును ఇద్దరు పట్టి జానెడులో సగమెత్తు లేపి మూడుసార్లు నేలకు వదలిన పిమ్మట, దిగిన మేరకు మరల నింపి, అంచువరకు చదును చేసి తూచవలెను. 68 కిలోలు తూగినచో నికరము 50 కిలోలు. ఐదు డ్రమ్ములు ఘనమీటరు గావున సాంద్రత 250 కిలోలు. దించుటలో ఎత్తు మారినచో ఫలితము మారును. అందుచేత ప్రతిసారియు అదే యెత్తు, అన్నే దెబ్బలు పాటించుట ఈ పరీక్షకు ప్రాణము.

ఇట్లు సాంద్రత తెలిసిన తరువాత బండ్లను లెక్కించిన చాలును. పది యడుగుల పొడవు, ఆరు వెడల్పు, రెండు లోతు గల తొట్టెలో 120 ఘనపుటడుగులు, అనగా సుమారు 3.4 ఘనమీటర్లు పట్టును. ఇసుక కొనువారి భాషలో యూనిట్టుకు కొంచెము హెచ్చు. అంచుదాక నిండినచో 250 సాంద్రతకు అది 850 కిలోలు. ముప్పాతిక నిండినదా, కుప్పగా పైకి లేచినదా యనునది కంటితో చూచి వ్రాయుటలో మనిషికి మనిషికి తేడా వచ్చును గనుక, తొట్టె లోపలి గోడకు అడుగడుగుకు రంగుగీతలు గీచుట మేలు.

ఎన్నిసార్లు కొలిచిన చాలునను సందేహమునకు గణాంకశాస్త్రము జవాబు చెప్పుచున్నది. ఒక్కొక్క బండి బరువు సగటునుండి ఇరువదిపాళ్ళు అటునిటు పోవునదైనచో, ఇరువదియైదు బండ్ల సగటులోని అనిశ్చయము ఆ ఇరువదిని ఐదుచే భాగించగా వచ్చు నాలుగు పాళ్ళే. నూరు బండ్లు తూచినను అది రెండు పాళ్ళకు మాత్రమే తగ్గును. కావున ఒకే వారమున నూరు బండ్లు తూచుటకంటె, వేసవిలో ఇరువదియైదు, వానలలో ఇరువదియైదు, సంక్రాంతినాళ్ళలో ఇరువదియైదు, పెండ్లిండ్ల నెలలో ఇరువదియైదు తూచుట వివేకము. పండుగకు ఊరికి వచ్చినవారు, పెండ్లిభోజనములు, మురమళ్ళ వీరేశ్వరస్వామి సన్నిధిలో నిత్యకళ్యాణమునకై వచ్చు యాత్రికులు, వీరందరిచేత చెత్త పరిమాణమే గాక స్వభావమును మారును. ఒక్క సోమవారపు తూనికను 365చే హెచ్చవేయుట లెక్క గాదు.

రాశి వ్యవహారము

బండ్లలెక్క లేకుండ ఎన్నో నెలలుగా పడియున్న కుప్ప ఎదుట నిలిచినప్పుడు ఏమి చేయవలెను? ఈ ప్రశ్నకు మన గణితజ్ఞులు శతాబ్దములకు పూర్వమే సమాధానము సిద్ధము చేసియుంచిరి. మహావీరాచార్యుని గణితసారసంగ్రహమును తెనుగున వెలయించిన పావులూరి మల్లన ఈ గోదావరీ మండలమునకు సంబంధించినవాడే. భాస్కరాచార్యుడు 1150లో రచించిన లీలావతిలో రాశివ్యవహారమను ప్రకరణము గలదు. నేలపై కుప్పగా పోసిన ధాన్యరాశి చుట్టుకొలతను ఆరుచే భాగించి, ఆ ఫలమును దానిచేతనే హెచ్చవేసి, రాశియెత్తుచే గుణించిన ఘనఫలము వచ్చునని యతని విధి.

చుట్టుకొలత 18 మీటర్లు, ఎత్తు 2 మీటర్లు గల కుప్ప యున్నదనుకొందము. పదునెనిమిదిలో ఆరవవంతు మూడు. మూడు మూళ్ళు తొమ్మిది. రెండుచే గుణించగా 18 ఘనమీటర్లు. నేటి శంకుసూత్రముతో కట్టిన 17.2 వచ్చును. పరిధికిని వ్యాసమునకును గల నిష్పత్తిని మూడుగా గ్రహించుటచే భాస్కరుని ఫలము నూటికి ఐదుపాళ్ళు హెచ్చుచున్నది. చెత్తరాశిని కొలుచుటలో వచ్చు ఇతర లోపములముందు ఆ ఐదు లెక్కకు రాదు. కుప్పనడుమకు దారి లేకున్నను, వ్యాసార్ధము తెలియకున్నను, కొబ్బరిత్రాడొకటి చుట్టుతిప్పి, వెదురుగడ నిలువుగా పట్టి ఎత్తు చూచినచో పని తీరును. డ్రమ్ముపరీక్షలో వచ్చిన 250చే గుణించినచో 18 ఘనమీటర్లు నాలుగున్నర టన్నులు.

ఆ ఆచార్యుడు అంతటితో విడువలేదు. గోడకు ఆనించిన రాశికి, గది లోపలి మూలలోని రాశికి, వెలుపలి మూలను చుట్టిన రాశికి వేర్వేరు విధులు చెప్పెను: గోడ ప్రక్క రాశి నిండు శంకువులో సగము, లోమూల రాశి నాలుగవవంతు, వెలిమూల రాశి ముప్పాతిక. పంచాయతీల చెత్తనుండి సంపద తయారీ కేంద్రములలో కుప్పలు సరిగా ఇట్లే గోడలను ఆనుకొని యుండును. కనబడు చుట్టుకొలతను సగమైనచో రెట్టించి, పావైనచో నాలుగింతలు చేసి, నిండు రాశిని కట్టి, పిదప సగమో పావో తీసికొనవలెను. స్థూలధాన్యపు రాశి యెత్తు చుట్టుకొలతలో పదవవంతనియు, సూక్ష్మధాన్యమునకు పదునొకండవ వంతనియు, శూకధాన్యమునకు తొమ్మిదవవంతనియు భాస్కరుడు చెప్పిన నియమమును పరీక్షించినచో ఆ వాలులు 32, 30, 35 డిగ్రీలగును. పోసిన పదార్థము జారక నిలుచు వాలునే నేటి భౌతికశాస్త్రమున విశ్రామకోణ మందురు. చెత్తకు మాత్రము ఈ నియమమును వర్తింపజేయరాదు. సంచులు, పీచు, మట్టలు ఒకదానినొకటి పెనవేసికొని నిట్టనిలువుగా నిలుచును. కావున ఎత్తును ఊహింపక కొలిచియే తీరవలెను.

గోతిలో పడినదానికి ఖాతవ్యవహారము గలదు. పైన 12, 10 హస్తములు, అడుగున 6, 5 హస్తములు, లోతు 7 హస్తములు గల దిగుడుబావి భాస్కరుని ఉదాహరణము. పై వైశాల్యము 120, అడుగు వైశాల్యము 30, భుజములను కలిపి కట్టిన వైశాల్యము 18, 15ల ఫలము 270; మూడింటిని కూడి ఆరుచే భాగించగా 70; లోతుచే గుణించగా 490 ఘనహస్తములు. పైకిని అడుగుకును సగటు కట్టి సరిపెట్టుకొన్నవానికి 525 వచ్చును. నేటి ఇంజనీర్లు మట్టిపనికి వాడు సూత్రము 490 తెచ్చిన భాస్కరుని విధియే. గోతికి బదులు పైభాగము చదునైన దిబ్బ యున్నచో దానిని తలక్రిందులుగా తలంచుకొన్న చాలును. హైదరాబాదు శివారున జవహర్‌నగరులో కప్పబడిన పాతచెత్త సుమారు 120 లక్షల టన్నులని చెప్పుదురు. అంతటి దిబ్బల కొలతకు నేడు డ్రోనులు ఎగురవేసి ఎత్తుల పటము తీయుదురు. సాధనము మారినను క్రమము మారలేదు: ముందు ఘనఫలము, తరువాత సాంద్రత, ఆ రెంటి గుణకారమున బరువు.

దిబ్బ క్రుంగుట

పడిన చెత్త పడినట్లుండదు. పై పొరల బరువునకు క్రింది పొరలు అదుముకొనును. ఆహారపదార్థము క్రుళ్ళి కొంత వాయువై పోవును, కొంత నీరై కారును. ఏండ్లు గడచునప్పటికి దిబ్బయెత్తు నాలుగవవంతువరకును, ఒక్కొక్కచోట అంతకు మించియు తగ్గుట సామాన్యము. అందుచేత రెండేండ్ల క్రిందటి దిబ్బను త్రాడుతో కొలిచి నిన్నటి తాజాచెత్త సాంద్రతచే గుణించువాడు చాల తక్కువ బరువును పొందును. పాతదిబ్బకు పాతదిబ్బలోనే ఒక గొయ్యి త్రవ్వి, త్రవ్వినదంతయు తూచి, ఆ గోతి ఘనఫలమును కొలిచి, సాంద్రతను వేరుగా కట్టవలెను.

కప్పుడుమట్టిని గూడ మరువరాదు. 2016 నాటి ఘనవ్యర్థ నియమముల ప్రకారము పూడ్చిన చెత్తపై దినాంతమున కనీసము 10 సెంటీమీటర్ల మట్టిగాని రద్దుగాని పరచవలసియుండెను. వానకాలమునకు ముందు 40 నుండి 65 సెంటీమీటర్ల కప్పు వేయవలసియుండెను. పెద్ద నగరమున రెండు మూడు మీటర్ల మందపు పొరపై ఈ 10 సెంటీమీటర్లు లెక్కకు రావు. చిన్న గ్రామమున దినమునకు మూడు ఘనమీటర్ల చెత్తను 30 సెంటీమీటర్ల మందమున పరచినచో అది 10 చదరపు మీటర్లకు వ్యాపించును; దానిపై కప్పునకు ఒక ఘనమీటరు మట్టి కావలెను. అనగా విలువైన చోటులో నాలుగింట ఒకపాలు మట్టికే పోవుచున్నది. చిన్న దిబ్బ పెద్ద దిబ్బకు సూక్ష్మరూపము కాదనుటకు ఇంతకంటె నిదర్శన మక్కరలేదు.

ఏ ప్రశ్నకు ఏ సంఖ్య

పదివేల జనాభా గల గ్రామము నొకదానిని ఊహించుకొందము. లక్షనుండి ఐదులక్షల జనాభా గల పట్టణములలో తలకు దినమునకు 210 గ్రాముల చెత్త వచ్చునని 1996లో నీరి లెక్కించినది. మన గ్రామమునకు 200 గ్రాములు వేసికొన్నచో దినమునకు రెండు టన్నులు. అందు తడిచెత్త 1,100 కిలోలు, కొబ్బరి డొక్కలు మట్టలు 340 కిలోలు, ప్లాస్టిక్కు థర్మాకోలు వంటి తేలికసరకు 160 కిలోలు, మన్ను రద్దు మొదలైనవి 400 కిలోలు అనుకొందము. వీని సాంద్రతలను వరుసగా 450, 130, 50, 900గా గ్రహించినచో, ఆక్రమించు చోటు 2.4, 2.6, 3.2, 0.4 ఘనమీటర్లు, మొత్తము 8.7. కలిపి పోసినప్పుడు చిన్నవి పెద్దవాని సందులలో దూరుటచే కొంత తగ్గును గాని క్రమము మారదు.

ఈ నాలుగు వరుసలలో చూడదగిన విశేషము గలదు. బరువులో నూటికి ఎనిమిది పాళ్ళే యున్న తేలికసరకు, చోటులో మూడవవంతుకు మించి ఆక్రమించినది. బరువులో సగమునకు మించిన తడిచెత్త, చోటులో నాలుగవవంతు చిల్లర మాత్రమే. తూనికను మాత్రమే చూచు అధికారి తడిచెత్తను శత్రువనుకొనును; కొలతను మాత్రమే చూచు దిబ్బకాపరి ప్లాస్టిక్కును శత్రువనుకొనును. ఇద్దరును తమతమ సంఖ్యలకు నమ్మకస్థులే. మోయు మనిషి వెన్ను, ట్రాక్టరు డీజిలు, ఎరువు దిగుబడి, ఇవి బరువును అనుసరించును. రిక్షా ఎన్ని తిరుగుళ్ళు తిరుగవలెను, దిబ్బ ఎన్నేండ్లు వచ్చును, ఇవి ఘనపరిమాణమును అనుసరించును.

కన్ను ఈ విషయమున ఎంతగా మోసపోవునో అమెరికాలో అరిజోనా విశ్వవిద్యాలయపు పురావస్తు శాస్త్రజ్ఞుడు విలియం రాత్జీ నిరూపించెను. 1973లో చెత్తపరిశోధన నారంభించి, తరువాత పూడ్చిన దిబ్బలను త్రవ్వి పొరపొరగా తూచి కొలిచిన అతనికి, పసిపిల్లల వాడిపారవేయు లంగోటీలే దిబ్బలను నింపుచున్నవని జనులు నమ్మిన కాలమున, అవి నూటికి రెండు పాళ్ళకు లోపే దొరికినవి. ఎవరును తప్పుపట్టని కాగితము ఇంచుమించు నలువది పాళ్ళు ఆక్రమించియుండెను. ఏండ్లక్రిందటి వార్తాపత్రికలు చదువుటకు వీలుగా బయటపడినవి. కొలిచి చూడకముందు ఈ మాట చెప్పినవాడు లేడు.

ఇక మన ద్వీపమునకు వత్తము. 2016 నాటి నియమముల ప్రకారము పూడ్చుస్థలము నదికి 100 మీటర్లు, చెరువునకు, నివాసములకు, మంచినీటి బావులకు 200 మీటర్ల దూరమున నుండవలసియుండెను. దాని అడుగునకును భూగర్భజలము ఎక్కువగా పైకి వచ్చు మట్టమునకును రెండు మీటర్ల ఎడము కావలసియుండెను. వరద మునిగించు నేల పనికిరాదు. తోటతోటకు ఒక యిల్లు, ఇంటింటికి ఒక చెరువు గల సీమలో ఈ షరతులన్నింటికి లోబడు చోటు వెదకుటే వృథాశ్రమ. 1986 ఆగస్టులోను, 2022 జులైలోను వచ్చిన వరదలు లంకలను ముంచినప్పుడు గట్టుప్రక్కనున్నదంతయు ఎవరి లెక్కకు అందక సముద్రమునకే పోయి యుండును. కావున ఇచ్చట పూడ్చుట యనునది చివరి అవశేషమునకు మాత్రమే తగిన యుపాయము. ఆ అవశేషము ఎంతకు తగ్గునో చూపునది మన లెక్కయే.

ఆ పదివేల యూరిలో చెత్తనంతటిని కలిపి వదులుగా పోసినచో సంవత్సరమునకు దాదాపు 3,200 ఘనమీటర్లగును. ఎకరము నేలను మీటరు ఎత్తున నింపుటకు 4,047 ఘనమీటర్లు కావలెను గనుక, ఆ యెకరము పదునైదు మాసములకు నిండిపోవును. అదే యూరు తడిచెత్తను ఎరువునకు, డొక్కలను పీచుమిల్లునకు, ప్లాస్టిక్కును అదిమి కట్టలు కట్టి అమ్మకమునకు పంపి, మన్ను రద్దులనే మిగుల్చుకొన్నచో, దినమునకు 0.44 ఘనమీటరే మిగులును; అదే యెకరము ఇరువదియైదేండ్లు వచ్చును. మిగిలినది మన్నే గావున దానిపై మరల మట్టి కప్పవలసిన పనియు తగ్గును. ఈ రెండు సంఖ్యల నడుమ నున్నది మంత్రము కాదు, ఇంటివద్దనే రెండు డబ్బాలలో వేరుచేయుట.

2021 అక్టోబరు 2న ప్రారంభమైన క్లీన్ ఆంధ్రప్రదేశ్ కార్యక్రమమునాటికే గ్రామములలో షెడ్లు, రిక్షాలు, హరిత రాయబారులని పిలువబడు పారిశుద్ధ్య కార్మికులు ఏర్పడియుండిరి. వీనికి తోడు కావలసినది ఒక పలకకాటా, ఒక ఇనుపడ్రమ్ము, ఒక టేపు, ఐదు గళ్ళ పుస్తకము. తేదీ, సరకు, బరువు, ఘనపరిమాణము, వాన పడినదా లేదా యను ఐదు గళ్ళను ఒక సంవత్సరము తప్పక నింపిన పంచాయతీ, ఎరువుతొట్లు ఎన్ని కట్టవలెనో, ప్లాస్టిక్కు కట్టల లారీని ఎన్ని నెలలకొకసారి పిలువవలెనో, పొరుగు పంచాయతీతో కలిసి స్థలము తీసికొనవలెనో తానొక్కటే తీసికొనవలెనో కాగితముపై నిర్ణయించుకొనగలదు. స్థానికసంస్థలు ఏటేటా పంపవలసిన నివేదికలో రోజుకు ఎన్ని టన్నులను గడిని నింపుటకు మాత్రమే తూచిన తూనిక అక్కడితో ముగియును. పుస్తకములో ఘనపరిమాణపు గడియు దాని ప్రక్కన నున్ననాడు, అదే తూనిక మరుసటి సంవత్సరపు బడ్జెటుకు ఆధారమగును.